ఫ్లెక్సీ కట్టేముందు వీసా రానివ్వండి: యువ నాయకుల సదస్సుకు విదేశాలకు వెళ్ళడం ఎలా

"మీరు ఎంపికయ్యారు" అని మెయిల్ వస్తుంది. సాయంత్రానికి వాట్సాప్ స్టేటస్, మర్నాడు జిల్లా పేజీలో ఫొటో, వారం తిరక్కుండా ఊరి సెంటర్లో ఫ్లెక్సీ. మా ఊళ్ళో నాకూ కట్టారు. ఆ ఫ్లెక్సీ ఎండకు వెలిసిపోతున్న రోజుల్లోనే నా వీసా తిరస్కరించినట్టు కాగితం వచ్చింది. రోజూ దాని కింద నుంచే బస్టాండుకి నడిచేదాన్ని.

మరుసటి ఏడాది ఇంకో సదస్సుకు పిలుపొచ్చింది, జర్మనీలోని మ్యూనిక్‌కి. ఈసారి అమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు. వెళ్ళొచ్చాను. ఆ ఏడాదిలో నాలో నాయకత్వం ఏమీ పెరగలేదు కానీ కాగితాలు సర్దడం మాత్రం వచ్చింది. మొదటిసారి నా కాగితాలు తలోమాట చెప్పాయి. రెండోసారి అన్నీ ఒకే మాట చెప్పాయి. కింద రాసిందంతా ఆ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతుంది. యూరప్‌లో ఒకే వీసాతో తిరగగలిగే షెంజెన్ దేశాల లెక్కన చెబుతున్నాను. మిగతా దేశాలకు ఫారాలు మారతాయి, పద్ధతి పెద్దగా మారదు.

1. పిలుపు అసలుదేనా చూసుకోండి

యువ నాయకుల సదస్సులు అన్నీ ఒక రకం కాదు. ఉదాహరణకు వన్ యంగ్ వరల్డ్ తీసుకోండి. 2009లో మొదలైన సంస్థ, 2010లో లండన్‌లో మొదటి సదస్సు పెట్టింది. తర్వాత ఏడాదికో ఊరు: 2022లో మాంచెస్టర్, 2023లో బెల్‌ఫాస్ట్, 2024లో మాంట్రియల్, 2025లో మ్యూనిక్. దాని ఫీజు మన జేబుకు అందేది కాదు. పెద్ద కంపెనీలు తమ ఉద్యోగుల కోసం కడతాయి. మనలాంటి వాళ్ళు చూడాల్సింది అందులోని స్కాలర్‌షిప్‌లు. ఇంకో రకం ఐక్యరాజ్యసమితి ఆర్థిక సామాజిక మండలి 2012 నుంచి న్యూయార్క్‌లో జరుపుతున్న యూత్ ఫోరం. దానికి రిజిస్ట్రేషన్ ఫీజు ఉండదు, ప్రయాణం ఖర్చు మాత్రం మనదే.

మూడో రకంతోనే జాగ్రత్త. దరఖాస్తు పెట్టిన రెండు రోజులకే "అభినందనలు" అంటారు. మెయిల్ నిండా ఐక్యరాజ్యసమితి గుర్తులు, పదిహేడు సుస్థిరాభివృద్ధి లక్ష్యాల రంగుల బొమ్మలు. ఫీజు మాత్రం ఎవరిదో సొంత ఖాతాకో, యూపీఐ నంబరుకో పంపమంటారు, అదీ 48 గంటల్లోపు. అడిగితే వేదిక ఏదో సరిగా చెప్పరు. డబ్బు కట్టకముందే నాలుగు ప్రశ్నలు వేయండి. ఏ భవనంలో జరుగుతుంది? ఆ భవనం వాళ్ళ కార్యక్రమాల పట్టికలో ఈ సదస్సు పేరుందా? పోయినేడు వెళ్ళొచ్చిన ఇద్దరితో మాట్లాడించగలరా? వీసా కోసం ఇచ్చే ఆహ్వాన లేఖలో మీ పాస్‌పోర్ట్ నంబరు, తేదీలు, ఏ ఖర్చు ఎవరు భరిస్తారన్నది రాస్తారా? నాలుగో దానికి నీళ్ళు నమిలితే వదిలేయండి. అలాంటి లేఖ లేకపోతే సదస్సు నిజమైనదే అయినా వీసా దగ్గర ఇబ్బందే.

2. పాస్‌పోర్ట్‌లో మీ పేరు చదవండి

నవ్వకండి, నిజంగా చదవండి. మన దగ్గర ఒక మనిషికి మూడు పేర్లుంటాయి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో పొడి అక్షరం, డిగ్రీ పట్టాలో ఇంటిపేరు చివర. పాస్‌పోర్ట్‌లో పొడి అక్షరాలు కుదరవు, పూర్తిగా విప్పి రాయాలి. ఇంటిపేరు ఒక గడిలో, పెట్టిన పేరు ఇంకో గడిలో. కొందరి పాత పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, మొత్తం పేరంతా ఒకే గడిలో ఉంటుంది. టికెట్ బుక్ చేసేటప్పుడూ, వీసా ఫారం నింపేటప్పుడూ అదొక తలనొప్పి. టైముంటే ముందే రీఇష్యూకి పెట్టి సరిచేయించుకోండి.

ఇక్కణ్ణుంచి ఒకటే నియమం: సదస్సు రిజిస్ట్రేషన్, ఆహ్వానం, టికెట్, ఇన్సూరెన్స్, హోటల్, అన్నిట్లోనూ పాస్‌పోర్ట్‌లో ఉన్న అక్షరాలే, అదే వరుసలో. సర్టిఫికెట్లలో పేరు వేరుగా ఉంటే దానికో వాక్యం కవరింగ్ లెటర్లో రాస్తే సరిపోతుంది.

షెంజెన్ వీసాకి పాస్‌పోర్ట్ గత పదేళ్ళలో జారీ అయినదై ఉండాలి, తిరిగొచ్చే తేదీ తర్వాత కనీసం మూడు నెలలు చెల్లాలి, రెండు పేజీలు ఖాళీగా ఉండాలి. నేనైతే ఆరు నెలలు మిగిలి ఉండేలా చూసుకోమంటాను. కొత్తగా తీసుకునే పెద్దవాళ్ళకు 36 పేజీల పుస్తకం 1,500 రూపాయలు. తత్కాల్ అయితే ఇంకో 2,000 కలుస్తుంది. పోలీస్ వెరిఫికేషన్ రోజు ఇంట్లో ఉండండి. హాస్టల్ అడ్రస్ ఇచ్చి సెలవులకు ఊరెళ్ళిపోయిన వాళ్ళ కథలు నాకు చాలా తెలుసు.

3. డబ్బు లెక్క ఒక కాగితం మీద రాయండి

"ఫుల్లీ ఫండెడ్" అన్నా వీసా ఫీజు, ఇన్సూరెన్స్, హైదరాబాద్ రాకపోకలు, స్వెటర్, చేతి ఖర్చు సాధారణంగా మీ మీదే పడతాయి. టికెట్ ముందు మీరు కొంటే తర్వాత తిరిగి ఇస్తామనే సంస్థలూ ఉన్నాయి. తిరిగి ఇచ్చేదాకా ఆ డబ్బు ఎవరు సర్దుతారో ముందే తేల్చుకోవాలి.

అడగడానికి మొహమాటపడకండి. పనిచేసే సంస్థ, చదివిన కాలేజీ, పాత విద్యార్థుల గ్రూపు, ఊళ్ళోని రోటరీ లేదా లయన్స్ క్లబ్బు. అడిగేటప్పుడు "సహాయం చేయండి" అనేదానికన్నా "ఇన్సూరెన్స్‌కి, వీసాకి ఇంత అవుతుంది, ఆ రెండూ మీరు కట్టగలరా" అంటే పని అవుతుంది. ఇచ్చినవాళ్ళ చేత సంస్థ లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం రాయించుకోండి, వీసాకి పనికొస్తుంది.

సదస్సు ఫీజు విదేశీ ఖాతాకు పంపాలంటే బ్యాంకులో ఏ2 ఫారం నింపాలి, పాన్ కావాలి. చేతి ఖర్చుకు ఫారెక్స్ కార్డులో యూరోలు వేయించుకుని, చిన్న నోట్లలో ఓ 100 యూరోలు దగ్గర ఉంచుకోండి. జర్మనీలో నోట్లు ఇంకా బాగానే నడుస్తాయి. అక్కడ కార్డు గీకినప్పుడు మెషిన్ "రూపాయల్లోనా, యూరోల్లోనా" అని అడిగితే యూరోలే నొక్కండి. రూపాయలంటే వాళ్ళకు నచ్చిన రేటు వేస్తారు. ఇంకో సంగతి: మన సిమ్‌ని తీసి పక్కన పడేయకండి. బ్యాంకు ఓటీపీలు దానికే వస్తాయి. డేటా కోసం ఈసిమ్ వేరే తీసుకోండి.

4. వీసా: అసలు పని ఇదే

ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు, పదిహేను రోజుల ముందు వరకే తీసుకుంటారు. నిర్ణయం మామూలుగా 15 రోజుల్లో వస్తుంది. ఇంకా పరిశీలించాలనుకుంటే 45 రోజుల దాకా పట్టొచ్చు. అపాయింట్‌మెంట్ దొరకడమే కష్టమైన నెలలుంటాయి. కాబట్టి ఆహ్వానం చేతికందిన రోజే స్లాట్ చూడండి. రెండు మూడు షెంజెన్ దేశాలు తిరిగేట్టయితే, సదస్సు జరిగే దేశానికే దరఖాస్తు పెట్టాలి. అసలు పని అక్కడే కదా. ఫీజు 90 యూరోలు, సర్వీస్ ఛార్జీ అదనం. వీసా రాకపోయినా తిరిగి ఇవ్వరు.

జర్మనీకైతే హైదరాబాద్‌లోని వీఎఫ్ఎస్ కేంద్రంలో కాగితాలు, వేలిముద్రలు ఇస్తాం. వాళ్ళు తీసుకుని పంపేవాళ్ళు మాత్రమే, ఇవ్వాలో వద్దో తేల్చేది జర్మనీ అధికారులు. అక్కడ ఎక్కువ డబ్బు కట్టి సోఫాలో కూర్చుంటే కాఫీ వస్తుంది, వీసా అవకాశం పెరగదు.

ఇప్పుడు నా మొదటి తిరస్కరణ కథ. సదస్సు నాలుగు రోజులు. ఆఫీసు సెలవు ఉత్తరంలో పన్నెండు రోజులని రాయించాను, "ఎందుకైనా మంచిదని". హోటల్ నాలుగు రాత్రులకే. టికెట్ రిజర్వేషన్ తొమ్మిదో రోజున తిరిగొస్తున్నట్టు. ఇన్సూరెన్స్ సదస్సు మొదటి రోజు నుంచి మొదలు, నేను దిగేది ముందు రోజు. పైగా దరఖాస్తుకు వారం ముందు బాబాయి నా ఖాతాలో మూడు లక్షలు వేశాడు, బ్యాలెన్స్ బాగా కనబడాలని. ఆ ఫైలు చూసిన మనిషి ఏమనుకుంటాడు? ఈ అమ్మాయి నిజంగా ఎన్ని రోజులుంటుంది, మిగతా రోజులు ఎక్కడుంటుంది, ఈ డబ్బు ఎవరిది? కాగితం మీద టిక్కు పెట్టిన కారణం కూడా అదే: వచ్చే ఉద్దేశం, ఉండే షరతులు స్పష్టంగా చూపలేదని. మొదట కోపమొచ్చింది. తర్వాత ఫైలు నేనే ఇంకొకరిదన్నట్టు చదివాను. నేనైనా ఇవ్వను.

అందుకే ఇలా చేయండి. ఒక తెల్లకాగితం తీసుకుని ఐదు విషయాలు రాయండి: పేరు, వెళ్ళే తేదీ, వచ్చే తేదీ, ఎందుకు, ఖర్చు ఎవరిది. ఇక ఒక్కో పత్రం పక్కన పెట్టుకుని ఈ ఐదూ సరిపోతున్నాయా చూడండి. సరిపోనిదాన్ని మార్పించండి, లేదా వదిలేయండి. ఫైల్లో ఉండాల్సినవి:

- నింపిన ఫారం, 35×45 మిల్లీమీటర్ల తాజా ఫొటో, పాస్‌పోర్ట్, పాత పాస్‌పోర్టులుంటే అవి కూడా
- ఆహ్వాన లేఖ, స్కాలర్‌షిప్ ఉంటే ఆ ఉత్తరం
- రానుపోను టికెట్ రిజర్వేషన్ (వీసా రాకముందే డబ్బంతా కట్టి కొనకండి), బస ఆధారం
- కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చు భరించే ట్రావెల్ ఇన్సూరెన్స్, దిగే రోజు నుంచి బయల్దేరే రోజు వరకు, షెంజెన్ దేశాలన్నిటికీ చెల్లేది
- ఉద్యోగమైతే సెలవు మంజూరు ఉత్తరం, జీతం స్లిప్పులు. చదువుకుంటుంటే కాలేజీ బోనఫైడ్, అభ్యంతరం లేదన్న ఉత్తరం
- బ్యాంకు స్టేట్‌మెంట్, ఐటీ రిటర్న్‌లు. అమ్మానాన్నలు భరిస్తుంటే వాళ్ళవి, వాళ్ళ ఉత్తరం

బ్యాంకు స్టేట్‌మెంట్ గురించి మళ్ళీ చెబుతున్నా. హఠాత్తుగా పడిన పెద్ద మొత్తం కన్నా, నెలనెలా జీతం వచ్చి ఖర్చయి కొంత మిగిలిన చిన్న ఖాతాయే నమ్మకం కలిగిస్తుంది. బాబాయి నిజంగానే ఖర్చు పెట్టుకుంటుంటే ఆ సంగతే రాయండి, ఆయన ఉత్తరం, ఆయన స్టేట్‌మెంట్ పెట్టండి.

కవరింగ్ లెటర్ ఒక పేజీ దాటొద్దు. "ప్రపంచాన్ని మార్చాలనే తపన" అక్కడ అక్కర్లేదు. నేను ఫలానా, ఫలానా పని చేస్తున్నాను, ఈ తేదీల్లో ఈ సదస్సుకు పిలిచారు, ఇక్కడుంటాను, ఖర్చు వీళ్ళది, తిరిగొచ్చాక ఈ రోజున ఉద్యోగంలో చేరతాను. అంతే. తిరిగి రావడానికి మీకిక్కడ ఏముందో ఆ చివరి వాక్యం చెప్పేస్తుంది.

తిరస్కరిస్తే దాచకండి. షెంజెన్ వీసా వివరాలు వాళ్ళ కంప్యూటర్లో ఐదేళ్ళు ఉంటాయి. ఏది తప్పయిందో సరిచేసి మళ్ళీ పెట్టడమే దారి. అమెరికా సదస్సయితే లెక్క వేరు: డీఎస్-160 అనే వీసా దరఖాస్తు ఫారం, నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ. అక్కడ అధికారి మీ ఫైలు తెరవకుండానే మాటలతో తేల్చేయొచ్చు. కాబట్టి ఎందుకు వెళ్తున్నారో రెండు వాక్యాల్లో చెప్పడం ప్రాక్టీస్ చేయండి. బట్టీ పట్టిన ఇంగ్లిష్ కన్నా తడబడుతూ చెప్పిన నిజం మేలు.

5. సామాను, అందులో పచ్చడి

యూరప్ దేశాల్లోకి బయటినుంచి మాంసం, పాల పదార్థాలు తీసుకెళ్ళకూడదు. అంటే చికెన్ పచ్చడి, అమ్మ కాచిన నెయ్యి, పాలకోవా అన్నీ ఇంట్లోనే. పచ్చి కరివేపాకు కూడా వద్దు, తాజా మొక్కలకు ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. గోంగూర, ఆవకాయ లాంటివి చెక్‌ఇన్ బ్యాగులో పెట్టండి. పచ్చళ్ళ షాపులో విదేశాలకని చెబితే నూనె కారకుండా ప్యాక్ చేసిస్తారు. చేతి బ్యాగులో పచ్చడి సీసా పెడితే సెక్యూరిటీ దగ్గర చెత్తబుట్ట పాలవుతుంది. ఎండుకొబ్బరి చెక్‌ఇన్ బ్యాగులో పెట్టకూడదు, నూనె ఎక్కువ కాబట్టి నిప్పంటుకుంటుందని భయం. నా అనుభవంలో అన్నిటికన్నా అక్కరకొచ్చింది కందిపొడి. బరువు లేదు, కారదు, ఏ దేశపు చప్పటి అన్నాన్నైనా లేపి కూర్చోబెడుతుంది.

పవర్ బ్యాంక్ మాత్రం చేతి బ్యాగులోనే, 100 వాట్ అవర్లలోపు. మన గుండ్రటి రెండు పిన్నుల ఛార్జర్ జర్మనీ ప్లగ్గులో పడుతుంది. లాప్‌టాప్ మూడు పిన్నులది పడదు, అడాప్టర్ కొనుక్కోండి. మందులుంటే డాక్టర్ చీటీతో.

బట్టల విషయంలో ఒక మాట. వన్ యంగ్ వరల్డ్ లాంటి చోట్ల ప్రారంభ సభకు దేశానికొకరు జెండా పట్టుకుని వస్తారు, చాలామంది తమ నేల బట్టల్లో కనిపిస్తారు. మంగళగిరి చీరో, పోచంపల్లి ఇక్కత్ కుర్తానో బ్యాగులో ఒకటుంటే బాగుంటుంది. పరిచయానికి అదే వంక అవుతుంది. కానీ నవంబరులో మ్యూనిక్ చలికి దానిమీద కోటు తప్పదు. బూట్లు కొత్తవి వేసుకెళ్ళకండి, హాళ్ళ మధ్య రోజంతా నడకే.

6. శంషాబాద్ నుంచి హోటల్ దాకా

మూడు గంటల ముందు చేరండి. విజయవాడ వైపు నుంచి వస్తుంటే ఆ రోజే బయల్దేరే ప్లాను పెట్టుకోకండి, హైవే మీద ఒక్క లారీ అడ్డం పడితే చాలు. పంపడానికి వచ్చే బంధుబలగానికి టెర్మినల్ లోపలికి ప్రవేశం ఉండదని, టికెట్ ఉన్నవాళ్ళనే రానిస్తారని ముందే చెప్పండి.

ఆహ్వానం, ఇన్సూరెన్స్, హోటల్, తిరుగు టికెట్ ప్రింట్లు చేతి బ్యాగులో ఉండాలి. ఫోన్లో ఉన్నాయిగా అనుకోవద్దు, ఛార్జింగ్ పోయేది సరిగ్గా అక్కడే. దిగాక సరిహద్దు అధికారి అడిగే ప్రశ్నలు వీసా ఫారంలోవే: ఎందుకు, ఎన్ని రోజులు, ఎక్కడ, ఖర్చెవరిది. ఆ ఐదు విషయాల కాగితం గుర్తుంది కదా, దాని ప్రకారమే చెప్పండి. 2025 అక్టోబరు 12న మొదలైన కొత్త ప్రవేశ-నిష్క్రమణ పద్ధతిలో వీసాకిచ్చిన వేలిముద్రలు సరిచూసి, ముఖం ఫొటో తీసుకుంటారు. లైను పొడుగ్గా ఉంటుంది, కనెక్టింగ్ విమానం ఉంటే ఆ వ్యవధి చూసి టికెట్ కొనండి.

మ్యూనిక్ విమానాశ్రయం నుంచి ఎస్1, ఎస్8 లోకల్ రైళ్ళు ఊళ్ళోకి ఓ నలభై నిమిషాల్లో తీసుకెళ్తాయి. కాగితం టికెట్ ముందే ముద్ర పడి రాకపోతే ప్లాట్‌ఫారం దగ్గర చిన్న మెషిన్లో ముద్ర వేయించాలి. టికెట్ ఉండి ముద్ర లేకపోయినా జరిమానా వేస్తారు. ఆదివారం దుకాణాలు మూసేస్తారు, కాబట్టి ఆ రోజు దిగితే తిండి చూసుకోండి. కుళాయి నీళ్ళు తాగొచ్చు. ప్లాస్టిక్ నీళ్ళ సీసా మీద 25 సెంట్లు డిపాజిట్ ఉంటుంది, పారేయకుండా తిరిగివ్వండి. అత్యవసరమైతే 112. పాస్‌పోర్ట్ పోతే ముందు పోలీసులకు, తర్వాత మ్యూనిక్‌లోనే ఉన్న భారత కాన్సులేట్‌కు.

7. సదస్సులో

వేదిక మీద ప్రసంగాలు తర్వాత యూట్యూబ్‌లో కూడా చూడొచ్చు. మీరు అంత దూరం వెళ్ళింది టీ బల్ల దగ్గర నిలబడిన మనుషుల కోసం. అక్కడ అందరూ "యువత సాధికారత కోసం పనిచేస్తున్నాను" అనే అంటారు, ఎవరికీ ఎవరూ గుర్తుండరు. మీ పనిని ఒక ఊరితో, ఒక లెక్కతో చెప్పండి. "మా మండలంలో ఆడపిల్లలు తొమ్మిదో తరగతిలో బడి ఎందుకు మానేస్తున్నారో ఇల్లిల్లూ తిరిగి అడిగాం, బస్సు లేకపోవడమే కారణమని తేలింది, ఇప్పుడు బస్సు కోసం తిరుగుతున్నాం." ఇలా చెబితే ఎదుటి మనిషి ఆగి ప్రశ్న వేస్తాడు. మీకు కావాల్సింది ఆ ప్రశ్నే.

ఇంగ్లిష్ గురించి టెన్షన్ వద్దు. అక్కడున్న చాలామందికి అది రెండోదో మూడోదో భాష. అర్థం కాకపోతే మళ్ళీ చెప్పమనండి. కలిసిన ప్రతి మనిషి పేరు పక్కన ఒక ముక్క రాసుకోండి: "కెన్యా, వానకాలంలో బావులు, ఫొటోలు పంపుతానంది". మూడో రోజుకి ముఖాలన్నీ కలిసిపోతాయి. భోజనం ఫారంలో శాకాహారం అని మాత్రమే రాస్తే గుడ్డో చేపో రావచ్చు. ఏది తినరో ఒక్కొక్కటీ రాయండి. సాయంత్రం విందుల్లో మందు ఉంటుంది. వద్దంటే ఎవరూ బలవంతపెట్టరు, కారణం కూడా అడగరు. పదింటికి నిద్ర ముంచుకొస్తే సిగ్గుపడకుండా గదికెళ్ళండి, అప్పటికి మన ఊళ్ళో తెల్లవారుజామున రెండున్నర.

8. తిరిగొచ్చాక

వీసాలో రాసిన రోజులకు మించి ఒక్క రోజు కూడా ఉండకండి. చుట్టాలున్నారు, ఇంకో రెండు రోజులు అనుకుంటే అది వీసా అడిగేటప్పుడే తేదీల్లో కలపాలి. బోర్డింగ్ పాసులు, బిల్లులు కవర్లో దాచండి. డబ్బు తిరిగిచ్చే సంస్థకు అవి కావాలి, వచ్చే వీసాకూ పనికొస్తాయి. మూడు రోజుల్లోపు, సదస్సులో పేర్లు రాసుకున్న నోట్‌బుక్ తీసి, నిజంగా పని కలిసే నలుగురికి ఉత్తరం రాయండి. నలభై మందికి ఒకే మెసేజ్ పెడితే ఒక్క జవాబూ రాదు. ఖర్చు భరించినవాళ్ళకు ఒక పేజీ లెక్క, రెండు ఫొటోలు పంపండి.

ఇక ఊళ్ళో కుర్రాళ్ళు ఫ్లెక్సీ కడతామంటే ఇప్పుడు కట్టనివ్వండి. ఇంటిపేరు మాత్రం పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే వేయించండి.